గురుత్వ తరంగాల తొలి దశాబ్దం: హింగోలి పరిశోధనశాల ఎందుకు కీలకం?

కృష్ణబిలాలు, న్యూట్రాన్ నక్షత్రాల వంటి అతి సాంద్రమైన ఖగోళ వస్తువులు పరస్పరం పరిభ్రమిస్తూ ఢీకొన్నప్పుడు స్థలకాలంలో పుట్టే సూక్ష్మ కంపనాలను గురుత్వ తరంగాలు అంటారు. అమెరికాలోని లైగో పరిశోధనశాలలు 2015 సెప్టెంబరు 14న వీటిని తొలిసారి నేరుగా నమోదు చేశాయి. అంతవరకు ప్రధానంగా కాంతి, రేడియో తరంగాలు, ఎక్స్ కిరణాల ద్వారా విశ్వాన్ని చూసిన ఖగోళశాస్త్రానికి ఆ రోజు కొత్త ఇంద్రియం లభించింది.

ఆ తర్వాతి పదేళ్లలో ఇటువంటి సంకేతాలు వందల సంఖ్యలో అందాయి. అయితే వాటిలో అత్యధిక భాగం ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చాయో కచ్చితంగా తేలలేదు. ఈ లోటును తీర్చడంలో మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రూ.2,600 కోట్ల వ్యయంతో తలపెట్టిన లైగో-ఇండియా పరిశోధనశాలది ప్రధాన పాత్ర అవుతుందని భౌతికశాస్త్రవేత్తలు ఆశిస్తున్నారు.

సిద్ధాంతకర్తకే కలిగిన సందేహం

సాధారణ సాపేక్ష సిద్ధాంతాన్ని 1915లో ప్రకటించిన ఆల్బర్ట్ ఐన్‌స్టైన్, మరుసటి ఏడాదే గురుత్వ తరంగాలను ప్రతిపాదించారు. అయితే వాటి ఉనికిపై ఆయనే స్థిరంగా నిలబడలేదు. 1936లో నేథన్ రోజెన్‌తో కలసి, అటువంటి తరంగాలు ఉండవన్న నిర్ధారణతో ఒక పత్రాన్ని ఫిజికల్ రివ్యూ పత్రికకు పంపారు. పేరు వెల్లడించని సమీక్షకుడు అందులోని గణితంలో లోపం చూపగా, ఐన్‌స్టైన్ ఆగ్రహించి పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ సమీక్షకుడు హోవర్డ్ పెర్సీ రాబర్ట్‌సన్ అని చాలా కాలం తర్వాత తేలింది. ఆ పత్రం చివరకు నిర్ధారణ మారి, మరో పత్రికలో అచ్చయింది.

తరంగాలు నిజంగా శక్తిని మోసుకుపోతాయా, లేక సమీకరణాలలో కనిపించే భ్రమ మాత్రమేనా అన్న చర్చ 1957లో అమెరికాలోని చాపెల్ హిల్ సదస్సు వరకు సాగింది. కడ్డీపై జారగల పూసను తరంగం కదిపితే రాపిడి వల్ల వేడి పుడుతుందని, కాబట్టి శక్తి ప్రసారమైనట్లేనని రిచర్డ్ ఫైన్‌మన్ అక్కడ వాదించారు. తరంగాలు సిద్ధాంతరీత్యా ఉంటే వాటిని పట్టుకోవచ్చన్న నమ్మకానికి ఆ సదస్సు పునాది వేసింది.

అనంతరం జోసెఫ్ వెబర్ భారీ అల్యూమినియం స్తంభాలతో ప్రయోగాలు చేసి, 1969లో తరంగాలను గుర్తించానని ప్రకటించారు. ఇతర ప్రయోగశాలలు ఆ ఫలితాన్ని తిరిగి రాబట్టలేకపోయాయి. వెబర్ ప్రకటన నిలవకపోయినా, ఆయన ప్రయత్నం ఒక తరం ప్రయోగశాస్త్రవేత్తలను ఈ రంగంలోకి తెచ్చింది.

తొలి పరోక్ష ఆధారం వేరే దారిలో వచ్చింది. 1974లో రసెల్ హల్స్, జోసెఫ్ టేలర్ కనుగొన్న జంట న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదాని చుట్టూ మరొకటి దాదాపు 7 గంటల 45 నిమిషాలకు ఒకసారి తిరుగుతాయి. ఆ వ్యవధి ఏటికేడు స్వల్పంగా తగ్గుతోందని, తగ్గుదల గురుత్వ తరంగాల రూపంలో పోయే శక్తికి సరిపోతోందని తదుపరి పరిశీలనలు నిరూపించాయి. వారిరువురికీ 1993లో నోబెల్ బహుమతి లభించింది.

కొలత ఎలా సాధ్యమైంది?

గురుత్వ తరంగం ప్రయాణించే మార్గంలో స్థలం ఒక దిశలో సాగి, దానికి లంబంగా ఉన్న దిశలో కుంచించుకుపోతుంది. మరుక్షణం ఈ క్రమం తారుమారవుతుంది. ఈ వ్యత్యాసాన్ని పట్టుకోవడానికే లైగో పరిశోధనశాలలను ఆంగ్ల అక్షరం ‘ఎల్’ ఆకారంలో నిర్మించారు. ఒక్కొక్క భుజం పొడవు 4 కిలోమీటర్లు.

లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి రెండు భుజాలలోకి పంపుతారు. చివరనున్న అద్దాలపై అది పలుమార్లు పరావర్తనం చెంది వెనక్కి వచ్చి కలుస్తుంది. భుజాల పొడవులో తేడా లేకపోతే రెండు కిరణాలు దాదాపు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. తేడా వస్తే వెలుగు కనిపిస్తుంది. ఇంటర్‌ఫెరోమీటర్ లేదా వ్యతికరణ మాపకం పనిచేసే సూత్రం ఇదే.

సూత్రం సులభమైనా అమలు అత్యంత కఠినం. బలమైన తరంగం వచ్చినప్పుడు కూడా 4 కిలోమీటర్ల భుజంలో కలిగే మార్పు ప్రోటాన్ వ్యాసంలో కొన్ని వందల వంతుల్లో ఒకటి మాత్రమే. అందుకే 40 కిలోల అద్దాలను నాలుగు అంచెల లోలకాలకు వేలాడదీస్తారు. కిరణం సాగే గొట్టాలలో గాలిని దాదాపు పూర్తిగా తొలగిస్తారు. దూరాన సాగే రైలు, తీరాన్ని తాకే అలలు, అద్దాల పూతలోని పరమాణువుల కదలిక, చివరకు కాంతి కణాల రాకలోని సహజ హెచ్చుతగ్గులు కూడా ఇక్కడ రణగొణ ధ్వనిగా లెక్కకు వస్తాయి.

స్థానిక కంపనానికీ, ఆకాశం నుంచి వచ్చిన సంకేతానికీ తేడా తెలియాలంటే కనీసం రెండు యంత్రాలు దూరదూరంగా ఉండాలి. వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్, లూసియానాలోని లివింగ్‌స్టన్ మధ్య దూరం సుమారు 3,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో సాగే తరంగం ఈ దూరాన్ని గరిష్ఠంగా 10 మిల్లీసెకన్లలో దాటుతుంది. అంతకు మించిన తేడాతో రెండు చోట్ల కనిపించిన కదలికలు ఒకే తరంగానివి కావు.

రహస్య పరీక్ష, అసలు సంకేతం

వెబర్ అనుభవం ఈ శాస్త్రవేత్తల సమాజంలో లోతైన జాగ్రత్తను మిగిల్చింది. అందుకు నిదర్శనం 2010 సెప్టెంబరు నాటి ఉదంతం. పరిశోధకుల అప్రమత్తతను పరీక్షించడానికి, కొద్దిమందికి మాత్రమే తెలిసేలా ఒక కృత్రిమ సంకేతాన్ని యంత్రాలలోకి ప్రవేశపెట్టారు. వందల మంది నెలల తరబడి దాన్ని విశ్లేషించి, ఆవిష్కరణ పత్రాన్ని సైతం సిద్ధం చేసుకున్నారు. 2011 మార్చిలో కాలిఫోర్నియాలో జరిగిన సమావేశంలో కవరు తెరిచాకే అది తమవారే చొప్పించిన సంకేతమని వారికి తెలిసింది. పరీక్ష నెగ్గినా ఆవిష్కరణ దక్కలేదు.

2002 నుంచి 2010 వరకు పనిచేసిన తొలి తరం లైగోకు ఒక్క నిజమైన సంకేతమూ అందలేదు. మెరుగుపరచిన యంత్రాలు 2015లో సిద్ధమయ్యాయి. అధికారికంగా పరిశీలనలు ఆరంభం కావడానికి నాలుగు రోజుల ముందే తొలి తరంగం వచ్చింది. అది ముందుగా లివింగ్‌స్టన్‌ను, 7 మిల్లీసెకన్ల తర్వాత హాన్‌ఫర్డ్‌ను తాకింది. సూర్యుడికి సుమారు 36 రెట్లు, 29 రెట్లు ద్రవ్యరాశి గల రెండు కృష్ణబిలాలు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో విలీనమై, 62 రెట్ల ద్రవ్యరాశి గల కృష్ణబిలంగా మారాయని విశ్లేషణలో తేలింది. మిగిలిన మూడు సూర్యుల ద్రవ్యరాశి తరంగాల రూపంలో శక్తిగా వెలువడింది.

ఈసారి కృత్రిమ సంకేతం ఏదీ లేదని నిర్ధారించుకున్నాక, 2016 ఫిబ్రవరి 11న ఫలితాన్ని ప్రకటించారు. రైనర్ వైస్, బారీ బారిష్, కిప్ థోర్న్‌లకు 2017లో నోబెల్ బహుమతి దక్కింది. లైగో వ్యవస్థాపకులలో మరొకరైన రొనాల్డ్ డ్రెవర్ అదే ఏడాది మార్చిలో, బహుమతి ప్రకటనకు ముందే మరణించారు. 1972లో ఈ యంత్రానికి తొలి సమగ్ర నమూనా రచించిన వైస్ 2025 ఆగస్టులో కన్నుమూశారు.

పదేళ్లలో తేలినవి

ఇటలీలోని విర్గో, జపాన్‌లో భూగర్భంలో నిర్మించిన కాగ్రా తర్వాతి కాలంలో ఈ అన్వేషణలో చేరాయి. మొదటి మూడు విడతల పరిశీలనలలో 90 సంకేతాలు నమోదు కాగా, నాలుగో విడత తొలి భాగమే మరో 128 సంకేతాలను జాబితాకు చేర్చింది.

వీటిలో కొన్ని పాత అంచనాలను ప్రశ్నించాయి. 2019 మే నెలలో నమోదైన విలీనంలో సూర్యుడికి సుమారు 142 రెట్లు, 2023 నవంబరు నాటి విలీనంలో సుమారు 225 రెట్లు ద్రవ్యరాశి గల కృష్ణబిలాలు ఏర్పడ్డాయి. అంత భారీ కృష్ణబిలాలకు కారణమైన జంటలు ఒక్కొక్క నక్షత్రం కుప్పకూలడం ద్వారా పుట్టడం ప్రస్తుత సిద్ధాంతాల ప్రకారం కష్టం. అవి అంతకు ముందే జరిగిన విలీనాల సంతానం కావచ్చన్నది ఒక వివరణ.

2025 జనవరి 14న అందిన సంకేతం అప్పటివరకు నమోదైనవాటిలో అత్యంత స్పష్టమైనది. కృష్ణబిలాలు కలిసినప్పుడు వాటి ఉపరితల వైశాల్యం మొత్తం ఎన్నటికీ తగ్గదని స్టీఫెన్ హాకింగ్ 1971లో ప్రతిపాదించారు. విలీనానికి ముందు రెండింటి వైశాల్యం సుమారు 2.4 లక్షల చదరపు కిలోమీటర్లు కాగా, తర్వాత అది సుమారు 4 లక్షల చదరపు కిలోమీటర్లకు చేరినట్లు ఈ సంకేతం చూపింది. అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మొత్తం విస్తీర్ణానికి కాస్త తక్కువగా ఉన్న ఉపరితలం, ఒక్క సెకనులో చిన్న భాగంలోనే దాదాపు మూడింట రెండు వంతులు పెరిగింది.

రెండు ఘటనలు, ఒకే పాఠం

కృష్ణబిలాల విలీనం సాధారణంగా వెలుగు ఇవ్వదు. న్యూట్రాన్ నక్షత్రాల విలీనం అలా కాదు. 2017 ఆగస్టు 17న అటువంటి రెండు నక్షత్రాలు ఢీకొన్న సంకేతం అందింది. 1.7 సెకన్ల తర్వాత ఫెర్మి ఉపగ్రహం గామా కిరణాల మెరుపును నమోదు చేసింది. విర్గో అప్పటికి కొద్ది రోజుల కిందటే పరిశీలనలలో చేరింది. దానిలో సంకేతం దాదాపు కనిపించలేదు. తరంగం విర్గోకు సరిగా వినిపించని దిశ నుంచి వచ్చిందన్న నిర్ణయానికి ఆ మౌనమే దారి తీసింది. ఫలితంగా వెతకవలసిన ప్రాంతం సుమారు 28 చదరపు డిగ్రీలకు తగ్గింది.

కొన్ని గంటల్లోనే దూరదర్శినులు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో కొత్త వెలుగును గుర్తించాయి. ప్రపంచవ్యాప్తంగా సుమారు 70 పరిశోధనశాలలు దానిపై దృష్టి సారించాయి. పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శిని కూడా ఆ ఘటన అనంతర కాంతిని అధ్యయనం చేసింది. బంగారం, ప్లాటినం వంటి భార మూలకాలు ఇటువంటి విలీనాలలో తయారవుతాయనడానికి బలమైన ఆధారం లభించింది. గురుత్వ తరంగాలు కాంతి వేగంతోనే ప్రయాణిస్తాయని అత్యంత కచ్చితత్వంతో రుజువైంది.

రెండో ఘటన 2019 ఏప్రిల్ 25 నాటిది. అది కూడా న్యూట్రాన్ నక్షత్రాల జంటదేనని భావిస్తున్నారు. ఆ సమయంలో హాన్‌ఫర్డ్ యంత్రం ఆగి ఉంది. విర్గోలో సంకేతం అతి బలహీనం. ఒక్క లివింగ్‌స్టన్ ఆధారంగా గుర్తించిన ప్రాంతం 8,000 చదరపు డిగ్రీలు దాటింది. అంటే దాదాపు ఆకాశంలో ఐదో వంతు. దూరదర్శినులు వెతికినా దానికి సంబంధించిన వెలుగు నిర్ధారణ కాలేదు.

మొదటి ఘటన ఒక కొత్త శాస్త్రశాఖకు నాంది పలికింది. రెండోది జాబితాలో ఒక పద్దుగా మిగిలింది. ఈ వ్యత్యాసానికి ప్రధాన కారణం, సరైన చోట సరైన సమయంలో మేలుకొని ఉన్న యంత్రాల సంఖ్యే.

విశ్వ విస్తరణపై తెగని వివాదం

స్థాన నిర్ధారణకు ఇంత ప్రాధాన్యం రావడం వెనుక ఆధునిక భౌతికశాస్త్రంలోని ఒక పెద్ద చిక్కుముడి కూడా ఉంది. విశ్వం విస్తరించే వేగాన్ని తెలిపే హబుల్ స్థిరాంకానికి రెండు పద్ధతులు రెండు విలువలు ఇస్తున్నాయి. విశ్వం తొలినాటి అవశేష కాంతిని పరిశీలించిన ప్లాంక్ ఉపగ్రహం ప్రకారం అది మెగాపార్సెక్‌కు సెకనుకు 67.4 కిలోమీటర్లు. సమీప గెలాక్సీలలోని నక్షత్రాలు, సూపర్‌నోవాల ఆధారంగా అది సుమారు 73. రెండు వర్గాలూ చూపే దోష పరిమితులు ఈ అంతరాన్ని వివరించలేకపోతున్నాయి. ఏదో ఒక కొలతలో పసిగట్టని పొరపాటు ఉండాలి, లేదా విశ్వం గురించిన ప్రామాణిక నమూనాలోనే ఏదో లోపించి ఉండాలి.

గురుత్వ తరంగాలు మూడో సాక్షిగా నిలవగలవని 1986లోనే బెర్నార్డ్ షుట్జ్ సూచించారు. తరంగ రూపం నుంచి విలీనం ఎంత దూరంలో జరిగిందో నేరుగా లెక్కించవచ్చు. అది జరిగిన గెలాక్సీ తెలిస్తే, ఆ గెలాక్సీ ఎంత వేగంతో దూరమవుతోందో కాంతి ద్వారా కొలవవచ్చు. 2017 నాటి ఘటనతో ఈ పద్ధతిలో వచ్చిన విలువ సుమారు 70. అయితే దోష పరిమితి 62 నుంచి 82 వరకు ఉన్నందున అది ఏ పక్షాన్నీ తోసిపుచ్చలేదు. తీర్పు రావాలంటే అటువంటి ఘటనలు పదుల సంఖ్యలో కావాలి. గురుత్వ తరంగాలతోపాటు వెలుగు కూడా నిస్సందేహంగా కనిపించిన విలీనం ఇప్పటికీ 2017 నాటిది ఒక్కటే.

భారతీయుల కృషి

ఈ రంగంలో భారత్ పాత్ర లైగో-ఇండియాతో మొదలుకాలేదు. అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ప్రచురించిన సమీకరణం, తర్వాత పెన్‌రోజ్, హాకింగ్ సిద్ధాంతాలకు ఆధారమైంది. కదిలించిన కృష్ణబిలం మోగిన గంటలా క్రమంగా సద్దుమణుగుతూ తరంగాలను వెలువరిస్తుందని సి.వి. విశ్వేశ్వర 1970లో చూపారు. 2015 నాటి సంకేతంలో చివరి భాగం ఆ మోతే. బెంగళూరు జవాహర్‌లాల్ నెహ్రూ ప్లానెటోరియం వ్యవస్థాపక సంచాలకుడైన ఆయన, ఆవిష్కరణను చూసిన మరుసటి ఏడాది జనవరిలో మరణించారు.

జంట నక్షత్రాల తరంగ రూపాన్ని గణించడంలో బాలా అయ్యర్ ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలసి దశాబ్దాల పాటు కృషి చేశారు. రణగొణ ధ్వనిలో దాగిన సంకేతాన్ని ముందుగా లెక్కించిన నమూనాలతో పోల్చి వెలికితీసే పద్ధతులను పుణెలోని ఐయూకాలో సంజీవ్ ధురంధర్, బి.ఎస్. సత్యప్రకాశ్ తదితరులు అభివృద్ధి చేశారు.

లైగో-ఇండియా: నిర్ణయం నుంచి నిర్మాణం వరకు

భారతీయ శాస్త్రవేత్తలు 2009లో ఇండిగో పేరిట ఒక బృందంగా ఏర్పడ్డారు. హాన్‌ఫర్డ్‌లో రెండో యంత్రంగా అమర్చదలచిన పరికరాలను వేరే ఖండానికి తరలిస్తే ప్రయోజనం ఎక్కువని లైగో అప్పటికే భావిస్తోంది. మొదట ఆస్ట్రేలియాను పరిశీలించారు. ఆ దేశం 2011లో నిధులు సమకూర్చలేకపోవడంతో అవకాశం భారత్‌కు వచ్చింది.

2016లో ఆవిష్కరణ ప్రకటించిన ఆరు రోజులకే కేంద్ర మంత్రివర్గం సూత్రప్రాయ ఆమోదం తెలిపింది. అదే ఏడాది మార్చి 31న అమెరికా జాతీయ విజ్ఞాన ఫౌండేషన్‌తో అవగాహన ఒప్పందం కుదిరింది. తుది ఆమోదానికి మాత్రం ఏడేళ్లు పట్టింది. 2023 ఏప్రిల్‌లో మంత్రివర్గం రూ.2,600 కోట్ల వ్యయాన్ని ఆమోదించగా, మే 11న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. 2030 నాటికి పూర్తి చేయాలన్నది లక్ష్యం.

ఔంఢా నాగ్‌నాథ్ పుణ్యక్షేత్రానికి సమీపంలో ఎంపిక చేసిన స్థలం సముద్రానికీ, భారీ పరిశ్రమలకూ దూరంగా ఉండటం దీనికి అనుకూలాంశం. నిజామాబాద్‌ను ఆనుకుని ఉన్న నాందేడ్ జిల్లాకు హింగోలి పొరుగు. ఈ ప్రాంతం 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో అంతర్భాగం. ఐయూకాతోపాటు ఇందౌర్‌లోని రాజా రామన్న అధునాతన సాంకేతిక కేంద్రం, గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ, అణుశక్తి శాఖ నిర్మాణ విభాగం ఈ బాధ్యతను పంచుకుంటున్నాయి. యంత్రం కీలక భాగాలను అమెరికా అందిస్తుంది. స్థలం, భవనాలు, శూన్య గొట్టాల వ్యవస్థ, నిర్వహణ భారత్ వంతు.

హింగోలి యంత్రం మూడు విధాల ఉపకరిస్తుంది. మొదటిది దూరం. రెండు యంత్రాలకు తరంగం చేరిన వేళల తేడా ఆకాశంలో ఒక వలయాన్ని మాత్రమే సూచిస్తుంది. యంత్రాలు పెరిగి, వాటి మధ్య దూరం పెరిగే కొద్దీ వలయాలు ఖండించుకునే చోటు కుదించుకుపోతుంది. భూగోళానికి దాదాపు అవతలి వైపున్న భారత్ ఇందుకు అనువైనది. రెండోది దిశ. అమెరికాలోని రెండు యంత్రాలు ఇంచుమించు ఒకే తీరున అమరినందున తరంగ ధ్రువణాన్ని విడదీయలేవు. ఇది తెలియకపోతే, విలీనం దూరంగా ఉందా, లేక ఓరగా తిరిగి ఉన్నందున బలహీనంగా కనిపిస్తోందా అన్న సందిగ్ధం తొలగదు. హబుల్ స్థిరాంకం కొలతలో ప్రధాన అడ్డంకి ఇదే. మూడోది లభ్యత. ప్రతి యంత్రమూ మరమ్మతులకో, భూకంపాల వల్లో తరచు ఆగుతుంది. నాలుగైదు యంత్రాలుంటేనే ఏ క్షణంలోనైనా కనీసం మూడు పనిచేస్తాయన్న భరోసా ఉంటుంది.

నిధుల ప్రశ్న

ఇంతటి పరస్పరాధారిత వ్యవస్థకు ఒక దేశపు బడ్జెట్ నిర్ణయం కూడా గండి కొట్టగలదు. అమెరికా ప్రభుత్వం 2026 ఆర్థిక సంవత్సరానికి సమర్పించిన బడ్జెట్ ప్రతిపాదనలో లైగో నిర్వహణ నిధులను సుమారు 40 శాతం తగ్గించి, రెండు పరిశోధనశాలల్లో ఒకదాన్ని నిలిపివేయాలని సూచించారు. కేటాయింపుల అధికారం ఆ దేశ చట్టసభదే అయినా, ప్రతిపాదన శాస్త్రవేత్తలలో తీవ్ర ఆందోళన కలిగించింది. రెండు కళ్లలో ఒకటి మూస్తే చూపు సగం తగ్గదు, లోతు పూర్తిగా పోతుంది. 2019 ఏప్రిల్ నాటి ఘటన అప్పుడు మినహాయింపు కాక నిత్యకృత్యమవుతుంది.

భారత్ వైపు జాప్యానికీ ఇదే లెక్క వర్తిస్తుంది. పరికరాలు అమెరికాలో భద్రపరచి ఉండగానే అక్కడి యంత్రాలు పలుమార్లు ఆధునికీకరణ పొందాయి. హింగోలిలో యంత్రం సిద్ధమైనా, దాన్ని పూర్తి సున్నితత్వానికి తేవడానికి మరికొన్నేళ్లు పడుతుందని ఇతర యంత్రాల అనుభవం చెబుతోంది. 2015లో మెరుగైన లైగో వెంటనే ఫలితమిచ్చిందంటే, దాని వెనుక తొలి తరం యంత్రంతో గడిపిన వృథా అనిపించిన ఏళ్లున్నాయి.

ఇతర పౌనఃపున్యాలలో అన్వేషణ

నేలపై ఉన్న యంత్రాలు సెకనుకు పదుల నుంచి వేల కంపనాలను మాత్రమే వినగలవు. గెలాక్సీల కేంద్రాలలోని మహా కృష్ణబిలాల జంటలు ఏళ్ల తరబడి సాగే నెమ్మది తరంగాలను వెలువరిస్తాయి. వాటిని పట్టుకోవడానికి ఖగోళ గడియారాల వంటి పల్సార్ల స్పందనలలో తేడాలను దీర్ఘకాలం గమనిస్తారు. అటువంటి నేపథ్య తరంగాల ఉనికికి ఆధారాలు లభించాయని 2023 జూన్‌లో అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా, చైనా బృందాలు ప్రకటించాయి. ఐరోపా బృందంతో కలసి పనిచేసిన ఇండియన్ పల్సార్ టైమింగ్ ఎరే జీఎంఆర్‌టీ పరిశీలనలను అందించింది. ఈ బృందంలో ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు కూడా ఉన్నారు.

ఈ రెండు శ్రేణుల మధ్య అంతరాన్ని పూరించేందుకు ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో లీసా ప్రాజెక్టును ఆమోదించింది. ఒకదానికొకటి 25 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎగిరే మూడు వ్యోమనౌకలతో కూడిన ఈ పరిశోధనశాలను 2030వ దశకం మధ్యలో ప్రయోగించనున్నారు. ఐరోపాలో ఐన్‌స్టైన్ టెలిస్కోప్, అమెరికాలో 40 కిలోమీటర్ల భుజాలతో కాస్మిక్ ఎక్స్‌ప్లోరర్ ప్రతిపాదన దశలో ఉన్నాయి.

అవి సాకారమయ్యే వరకు లభ్యమైన వ్యవస్థలో స్థాన నిర్ధారణను గణనీయంగా మెరుగుపరచగలదని భావిస్తున్న ప్రాజెక్టు లైగో-ఇండియాయే. న్యూట్రాన్ నక్షత్రాల విలీనాలు మనుషుల ఆమోదాల కోసం వేచి ఉండవు. యంత్రం లేనప్పుడు భూమిని దాటిపోయిన తరంగాన్ని తిరిగి కొలిచే మార్గం లేదు.